కష్టకాలంలో ఖాళీ కుర్చీలు

2019 ఏప్రిల్ 18వ తేదీన గుడియాత్తం నియోజకవర్గంలోని ఒక సరిహద్దు గ్రామంలో నేను పోలింగు విధులు నిర్వర్తించాను. ఉదయం ఏడు గంటలకే ఆడవారి వరుస బడి ప్రహరీ దాటి వీధిలోకి వచ్చింది. బీడీల చాటను పక్కన పెట్టి వచ్చినవారు కొందరు, పసిపిల్లలను చంకన వేసుకొని వచ్చినవారు కొందరు. లోపలికి వచ్చిన వారిలో చాలామంది నన్ను ఒకే ప్రశ్న అడిగారు. "ఒక్క మిషనే ఉందేం అయ్యవారూ? రెండోది ఏమయింది?"

రెండవది పార్లమెంటు సభ్యుని ఎన్నికకు సంబంధించినది. వేలూరు లోక్‌సభ స్థానం ఎన్నికను రాష్ట్రపతి ఏప్రిల్ 16వ తేదీననే రద్దు చేశారు. ఆదాయపు పన్ను శాఖవారు జరిపిన సోదాలలో 11 కోట్ల రూపాయలకు పైగా నగదు పట్టుబడింది. అది ఓటర్లకు పంచుటకు సిద్ధం చేసినదని ఎన్నికల సంఘం అభిప్రాయపడి రద్దుకు సిఫారసు చేసింది. ఆరోపణకు గురైన పక్షం దానిని ఖండించింది. ధనప్రభావం కారణంగా ఒక లోక్‌సభ స్థానం ఎన్నిక రద్దు కావడం దేశచరిత్రలో అదే మొదటిసారి. అయితే అదే పార్లమెంటు స్థానంలోని గుడియాత్తం, ఆంబూరు శాసనసభ ఉపఎన్నికలు మాత్రం యథాప్రకారం జరిగాయి. అందుచేతనే ఆ రోజు మా కేంద్రంలో ఒక్క యంత్రమే ఉన్నది.

ఆ వార్త దేశమంతటా వ్యాపించినప్పుడు వేలూరు ఓటరును గురించి పత్రికలు చాలా వ్రాశాయి. ఓటు అమ్ముకొనే ఊరు అని కొందరు పరిహసించారు. మన ఊళ్ళలోను చాలామంది తలదించుకున్నారు. నేను ఆ సంఘటనను మరొక విధంగా చూస్తాను. నోటు మన జబ్బుకు లక్షణం మాత్రమే. అసలు జబ్బు, కష్టం వచ్చిన ప్రతిసారీ మన మొర వినవలసిన కుర్చీ ఖాళీగా ఉండటం. పాలకుల మీద మన కోపం ఎంత న్యాయమైనదో, ఆ కోపం ఎందుకు ఫలించలేదో తెలియాలంటే ఆ కుర్చీల లెక్క చూడాలి.

ఏ కుర్చీ ఎప్పుడు ఖాళీ అయింది?

మొదట ఊరి కుర్చీ. తమిళనాట స్థానిక సంస్థల పదవీకాలం 2016 అక్టోబరు 24వ తేదీతో ముగిసింది. ఆ నెలలోనే జరుగవలసిన ఎన్నికల నోటిఫికేషనును మద్రాసు హైకోర్టు రద్దు చేసింది. తరువాత వార్డుల పునర్విభజన, రిజర్వేషన్లు, వ్యాజ్యాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 2019 డిసెంబరులో రాష్ట్రంలోని 27 జిల్లాల గ్రామాలకు ఎన్నికలు జరిగాయి గాని, జిల్లాల విభజన వలన తొమ్మిది జిల్లాలు మిగిలిపోయాయి. వేలూరు, రాణిపేట, తిరుపత్తూరు మూడూ ఆ తొమ్మిదింటిలోనివే. మన పంచాయతీలకు ఎన్నికలు జరిగినది 2021 అక్టోబరు 6, 9 తేదీలలో. గుడియాత్తం పురపాలక సంఘానికి 2022 ఫిబ్రవరి 19న గాని కాలేదు. అనగా ఒక పూర్తి పదవీకాలం, ఐదు సంవత్సరాలు, ఊరికి ప్రెసిడెంటు లేడు, వార్డు మెంబరు లేడు. ఒక్క ప్రత్యేకాధికారి చేతిలో అనేక పంచాయతీలు ఉండేవి. గడువు ముగియక ముందే ఎన్నిక పూర్తి కావలెనని రాజ్యాంగంలోని 243-ఇ అధికరణం చెప్పుచున్నది.

ఇక శాసనసభ్యుని కుర్చీ. 2016 మే నెలలో గుడియాత్తం తన ప్రతినిధిని ఎన్నుకొన్నది. 2017 సెప్టెంబరు 18న స్పీకరు 18 మంది అన్నా డి.ఎం.కె. శాసనసభ్యులను అనర్హులుగా ప్రకటించారు. వారిలో గుడియాత్తం, ఆంబూరు సభ్యులు ఉన్నారు. వ్యాజ్యం సాగింది, 2018 అక్టోబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని సమర్థించింది. కొత్త సభ్యుడు 2019 మే 23న ఎన్నికైనాడు. అంటే 20 నెలలు ఖాళీ. ఆ సభ్యుడు, డి.ఎం.కె.కు చెందిన కాత్తవరాయన్, 2020 ఫిబ్రవరి 28న అనారోగ్యంతో మరణించారు. ఉపఎన్నిక జరుగలేదు. 2021 మే 2న సాధారణ ఎన్నికల ఫలితాలు వచ్చేవరకు మరి 14 నెలలు ఖాళీ. 60 నెలల శాసనసభలో 34 నెలలు గుడియాత్తానికి సభ్యుడు లేడు.

చివరగా పార్లమెంటు కుర్చీ. రద్దయిన ఎన్నిక 2019 ఆగస్టు 5న జరిగి, 9వ తేదీన ఫలితం వచ్చింది. కొత్త లోక్‌సభ తొలి సమావేశాలు జూన్ 17న మొదలై ఆగస్టు 6న ముగిశాయి. ఆ సంవత్సరపు బడ్జెటు, జమ్ము కశ్మీరు పునర్విభజన బిల్లు, అన్నియు ఆ సమావేశాలలోనే ఆమోదం పొందాయి. ఆ సభలో వేలూరు తరఫున చేయెత్తిన వారు లేరు.

ఈ మూడు లెక్కలను ఒకచోట చేర్చి చూసిన వారు అరుదు. ఒక్కొక్కదానికి ఒక కారణం చెప్పబడింది: న్యాయస్థానం, పునర్విభజన, మహమ్మారి. విడివిడిగా చూస్తే ప్రతి కారణమూ సబబుగానే తోచవచ్చు. కాని ఆ కారణాలన్నియు కలిసి పడినది ఒకే ఊరిమీద, ఒకే సంవత్సరాలలో.

ఆ సంవత్సరాలలో మనకు జరిగినవి

పంచాయతీ గడువు ముగిసిన రెండు వారాలకు, 2016 నవంబరు 8 రాత్రి, 500, 1000 రూపాయల నోట్లు చెల్లవని ప్రకటన వచ్చింది. విలువలో చూస్తే దేశంలోని నగదులో అవి 86 శాతం. వారం కూలి చేతికి వస్తేనే వారం సరుకులు కొనే ఇళ్ళు మనవి. బీడీలు చుట్టే తల్లికి వెయ్యికి ఇంత అని లెక్క. కంపెనీ ఏజెంటు చేతిలో చిల్లర లేకపోతే ఆ లెక్క పుస్తకంలోనే నిలిచిపోతుంది. ఆ దినాలలో మా బడిలో పరీక్ష రుసుము కట్టలేని పిల్లలు తరగతి గుమ్మం దగ్గరే ఆగిపోవడం నేను కళ్ళారా చూశాను.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. బీడీ మీద 28 శాతం, తునికాకు మీద 18 శాతం పన్ను పడింది. బీడీ కార్మికుల సంక్షేమనిధికి ఆధారమైన సెస్సు అదే సంవత్సరం రద్దయింది. ఆ నిధి నుండి వచ్చే విద్యార్థి వేతనం ఎందరి చదువులను నిలబెట్టినదో ఉపాధ్యాయులకు తెలుసు. సెస్సు పోయిన తరువాత ఆ సహాయానికి హామీ ఏది అని గుడియాత్తం తరఫున శాసనసభలో అడగవలసినవారు ఎవరు? మూడు నెలలు తిరగకముందే ఆ కుర్చీ ఖాళీ అయింది.

గుడియాత్తానికి 'చిన్న శివకాశి' అన్న పేరు అగ్గిపెట్టెల వలన వచ్చింది. చేతితో చేసే అగ్గిపెట్టెలకు 5 శాతం, యంత్రంతో చేసేవాటికి 18 శాతంగా ఉన్న జీఎస్టీని 2020 ఏప్రిల్ 1 నుండి అన్నింటికి 12 శాతంగా మార్చారు. యంత్రానికి భారం తగ్గింది, చేతిపనికి రెట్టింపు దాటింది. ఆ తేదీని గమనించండి. దేశమంతటా లాక్‌డౌన్ మొదలై అప్పటికి వారం రోజులు. కర్మాగారాలు మూతపడి ఉన్నాయి. శాసనసభ్యుడు మరణించి నెల దాటింది. పంచాయతీలో ప్రత్యేకాధికారి.

ఆ నెలలోనే సరిహద్దు కుటుంబాలు మరువలేని మరొక సంఘటన జరిగింది. 2020 ఏప్రిల్ చివరి వారంలో వేలూరు జిల్లా యంత్రాంగం సైనగుంట వద్ద, పొన్నై మార్గంలోను రోడ్డుకు అడ్డంగా ఇటుకగోడలు కట్టించింది. వాహనాలను ఆపుటకు కట్టినవవి. గోడకు అవతల చిత్తూరు జిల్లా, ఇవతల మనం. కూతురు అవతల, తల్లి ఇవతల. పాలు పోసేది ఒక రాష్ట్రంలో, పచ్చిగడ్డి కోసేది మరొక రాష్ట్రంలో. రెండు రాష్ట్రాలలోను విమర్శలు చెలరేగడంతో ఆ గోడలను త్వరలోనే కూల్చారు. గోడ లేచిన రాత్రి, దాని నీడలో బ్రతికే ఊరిని ఒక్క మాట అడిగి ఉండవలసింది. అడగడానికి ఎన్నికైన ప్రెసిడెంటు లేడు, శాసనసభ్యుడు లేడు. 'గోడకు చెప్పుకొన్నట్లు' అనే నానుడికి మనకు ఆ రోజు అక్షరాలా అర్థం దొరికింది.

ప్రభుత్వం ఏమీ ఇవ్వలేదనడం న్యాయం కాదు. లాక్‌డౌన్ కాలంలో రేషను కార్డుకు వెయ్యి రూపాయలు, బియ్యం, పప్పు వచ్చాయి. 2021లో సంక్రాంతికి 2,500 రూపాయలు, ప్రభుత్వం మారిన తరువాత 4,000 రూపాయలు వచ్చాయి. 2023 సెప్టెంబరు 15న గృహిణులకు నెలకు వెయ్యి రూపాయల పథకం ప్రారంభమైంది. ఆ డబ్బు ఇంటికి చేరినది, అక్కరకు వచ్చినది. కాని ఇచ్చుట వేరు, వినుట వేరు. ఇచ్చేవాడు తనకు తోచినది ఇస్తాడు. వినేవాడు ఉంటేనే మనకు కావలసినది చెప్పుకోగలం.

నోటు ఎందుకు పనిచేస్తుంది?

ఓటరు అత్యాశ వలన నోటు తీసుకొంటాడని చెప్పుట తేలిక. నేను నా ఇరుగుపొరుగును అడిగి చూశాను. ఒక పెద్దామె చెప్పిన జవాబు ఇంకను నా చెవుల్లో ఉన్నది. "ఐదేండ్లకు ఒక్కసారి కనబడతాడు నాయనా. మళ్ళీ ఎప్పుడు కనబడతాడో, వాడిచ్చేది కూడా వద్దంటే నాకు మిగిలేదేమి?" ఆమె మాటలో అత్యాశ లేదు. రాని బాకీని చేతికందినంతకు సర్దుకొనే అప్పులవాని మనసున్నది. ఐదేళ్ళ లెక్కను ఒక్క రాత్రిలో తీర్చివేసే ఏర్పాటది. ఓటరు పుచ్చుకొన్న మరుక్షణం అభ్యర్థి ఋణవిముక్తుడు. రేపు బీడీ పన్ను గురించి అడిగితే "నీకు ఇవ్వవలసింది ఇచ్చితిని గదా" అని అతని మనసు చెప్పుతుంది.

కోపమున్నవారు మరొక దారి కూడా ఎన్నుకొన్నారు. 2019 ఆగస్టు ఎన్నికలో డి.ఎం.కె. అభ్యర్థి కదిర్ ఆనంద్ 8,141 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. పై అభ్యర్థులెవరూ వద్దని 'నోటా' మీట నొక్కినవారు 9,417 మంది. గెలుపోటముల మధ్య దూరం కంటె విసిగినవారి సంఖ్యయే పెద్దది. సుప్రీంకోర్టు తీర్పు వలన 2013లో వచ్చిన ఆ మీట మన అసంతృప్తిని లెక్కలోకి చేర్చింది, నిజమే. కాని నోటా ఎవరి ఇంటి తలుపు తట్టదు. దానికి ఆఫీసు లేదు, సంతకం లేదు. తొమ్మిదివేల పైచిలుకు కోపం ఒక వరుసలో అంకెగా మిగిలిపోయింది.

ఏ రాయి అయితేనేమి?

ఇక్కడ పాఠకులకు ఒక సందేహం కలుగవచ్చు. కుర్చీ నిండి ఉన్నప్పుడు మాత్రం ఏమి ఒరిగింది? ఏ రాయి అయితేనేమి పళ్ళూడగొట్టుకొనుటకు? ఈ మాట రచ్చబండ మీద ప్రతిదినం వినిపిస్తుంది. అందులో అనుభవం ఉన్నది, దానిని తోసివేయను. అయినను రెండు నిదర్శనాలు చెప్పదలచాను.

మొదటిది పాతది. 1954 ఏప్రిల్‌లో కామరాజు మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి అయినప్పుడు ఆయన శాసనసభలో సభ్యుడు కారు. సభ్యత్వం కొరకు ఆయన నిలబడినది గుడియాత్తం ఉపఎన్నికలో. ప్రతిపక్షాలలోని పలువురు కూడా ఆయనను బలపరచారు. సగం పూట బడి, సగం పూట కులవృత్తి అనే రాజాజీ కాలపు పథకం ఆ సంవత్సరమే రద్దయింది. రాష్ట్రమంతటా ప్రజలు వ్యతిరేకించిన పథకమది. తరువాతి సంవత్సరాలలో పల్లెబడులు, మధ్యాహ్న భోజనం విస్తరించాయి. ఆయన ఒక్కరి వలననే అంతా జరిగినదని చెప్పను. ప్రజల కోపం వినే కుర్చీకి చేరితే ప్రభుత్వపు విధానమే మారగలదని చెప్పుటకు ఇది చాలును.

రెండవది మన కళ్ళ ముందటిది. చవకగా దిగుమతి అయ్యే ప్లాస్టిక్ లైటర్ల వలన అగ్గిపెట్టెల వ్యాపారం దెబ్బతిన్నప్పుడు తమిళనాట ఉత్పత్తిదారులు ఊరుకోలేదు. సంఘాలుగా ఏర్పడి విన్నపాలు ఇచ్చారు. 2022 సెప్టెంబరులో రాష్ట్ర ముఖ్యమంత్రి కేంద్రానికి లేఖ వ్రాశారు. 2023 జూన్‌లో 20 రూపాయలకు లోపు ధర గల లైటర్ల దిగుమతిని కేంద్రం నిషేధించింది. 2025 సెప్టెంబరులో అగ్గిపెట్టెల మీద జీఎస్టీ 12 నుండి 5 శాతానికి దిగింది. అడగనిదే అమ్మయినా పెట్టదు. వీరు అడిగారు, పేరు పెట్టి అడిగారు, ఎవరిని అడగవలెనో తెలిసి అడిగారు.

మన కోపంలో లోపించినది ఇదే. "ప్రభుత్వం" అనే ఒకే మాటతో ఢిల్లీని, చెన్నైని, తాలూకా ఆఫీసును, పంచాయతీని కలిపి తిట్టుకొంటాము. బీడీ పన్నును మార్చగలిగినది జీఎస్టీ మండలి. అందులో కేంద్రమంత్రి, రాష్ట్రాల మంత్రులు ఉంటారు. కనుక ఆ ప్రశ్న పార్లమెంటు సభ్యునికి, శాసనసభ్యునికి ఇద్దరికీ వేయవలసినది. 2025 ఆగస్టు 27 నుండి అమెరికా భారతదేశపు సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆంబూరు, రాణిపేట తోళ్ళ పరిశ్రమలకు బెంగ పట్టుకొన్నది. ఆ రేట్లు తరువాత మారినను, అప్పుడు ఉపశమనం అడగవలసినది కేంద్రాన్ని. వీధిదీపం, మంచినీటి కొళాయి, పల్లెరోడ్డు ప్రశ్నలు పంచాయతీవి. ఏ తలుపు తట్టాలో తెలియని కోపం రచ్చబండ దగ్గరే చల్లారిపోతుంది.

ఇక చేయవలసినది

మొదటి పని కుర్చీ ఖాళీ కాకుండా చూచుకొనుట. వేలూరు జిల్లాలో 2021 అక్టోబరులో ఎన్నికైన పంచాయతీల గడువు 2026 అక్టోబరు వరకే. 2019లో ఎన్నికైన 27 జిల్లాల పంచాయతీల గడువు 2025 జనవరి 5న ముగిసినప్పుడు సకాలంలో ఎన్నికలు జరుగలేదు, మళ్ళీ ప్రత్యేకాధికారులే వచ్చారు. అవతలి ఒడ్డున కూడా ఇదే కథ నడిచింది. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామపంచాయతీల గడువు 2018 ఆగస్టులో ముగిస్తే ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో జరిగాయి. దీనివలన నష్టం గౌరవానికి మాత్రమే కాదు. ఆర్థిక సంఘం సిఫారసు చేసే గ్రాంటులు ఎన్నికైన స్థానిక సంస్థల కొరకు ఉద్దేశించినవి. ఎన్నికలు జరుపనందుకు తమిళనాటికి రావలసిన వాటాను కేంద్రం నిలిపిన సంవత్సరాలు ఉన్నాయి. ఖాళీ కుర్చీకి మనం మన కాలువతో, మన కొళాయితో వెల చెల్లిస్తున్నాము.

శాసనసభ, పార్లమెంటు స్థానాల విషయంలోను చట్టం ఉన్నది. ఖాళీ ఏర్పడిన ఆరు నెలలలోపు ఉపఎన్నిక జరుపవలెనని ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 151-ఏ సెక్షను చెప్పుచున్నది. మిగిలిన పదవీకాలం ఏడాదికి తక్కువైనప్పుడు, లేదా ఆ గడువులో జరుపుట కష్టమని ఎన్నికల సంఘం కేంద్రంతో సంప్రదించి ధ్రువీకరించినప్పుడు మాత్రమే మినహాయింపు. 2020లో మహమ్మారి కారణంగా గుడియాత్తానికి ఆ మినహాయింపే వర్తించింది. అదే సంవత్సరం ఇతర రాష్ట్రాలలో ఉపఎన్నికలు, బీహారులో సాధారణ ఎన్నికలు జరిగాయి. మనకు మాత్రం ఎందుకు కాదని అప్పుడు ఈ తాలూకాలో గట్టిగా అడిగినవారిని నేను చూడలేదు. ఆ అడుగనివారిలో నేనును ఒకడిని.

రెండవది గ్రామసభ. జనవరి 26, మార్చి 22, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, నవంబరు 1, ఈ ఆరు దినాలలో తమిళనాట గ్రామసభ జరుపవలెనని 2022లో నిర్ణయించారు. సభకు వెళ్ళి టీ త్రాగి, సంతకం పెట్టి వచ్చుట చాలదు. మన కోరికను తీర్మానంగా వ్రాయించి, చదివించి, ఆ తరువాతనే సంతకం పెట్టవలెను. మన పెద్దలలో చాలామందికి తెలుగు మాట వచ్చు, తమిళ లిపి రాదు. 2006 నాటి చట్టం వలన బడిలో తమిళం తప్పనిసరి అయినప్పుడు మనం బాధపడినాము, మాతృభాష కొరకు న్యాయస్థానానికి కూడా వెళ్ళినాము. ఆ బాధ అట్లే ఉండగా, నేడు మన పిల్లలకు రెండు లిపులూ వచ్చు. అవ్వ చెప్పిన మాటను మనవరాలు తమిళంలో వ్రాసి ఇవ్వగలదు. ఆ కాగితానికి నకలు ఉంచుకొని, జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద అడుగవచ్చును.

మూడవది ఎన్నికల వేళ. వచ్చిన అభ్యర్థిని ఊరంతా కలిసి ఒక్కచోట కూర్చుండబెట్టి మూడే ప్రశ్నలు అడుగుదాము. మా పని మీద పడిన పన్ను సంగతి ఏమి చేస్తారు? సరిహద్దు మూసినప్పుడు మా తరఫున ఎవరితో మాట్లాడుతారు? ఏ దినం, ఏ చోట మాకు కనబడుతారు? జవాబును వ్రాసి బడి గోడమీద అంటిద్దాము. నోటు పుచ్చుకొన్న చేతితో ఈ కాగితం చూపలేము. ఆ సంగతి అభ్యర్థికి మనకంటె బాగా తెలుసు.

ఆ ఏప్రిల్ ఉదయం "రెండోది ఏమయింది?" అని అడిగిన తల్లులకు నేను నిబంధనల ప్రకారం క్లుప్తంగా జవాబిచ్చి పంపాను. వారు తల ఊపి, ఉన్న ఒక్క మీట నొక్కి, ఇంటికి వెళ్ళి మళ్ళీ బీడీల చాట ముందు కూర్చున్నారు. వారు గెలిపించిన సభ్యుడు తొమ్మిది నెలలకే మరణించగా ఆ కుర్చీ మళ్ళీ ఖాళీ అయింది. రెండవ మిషను ఏమయిందని అడుగుటకు తెలిసిన ఓటరుకు, మా ఊరి కుర్చీ ఏమయిందని అడుగుటకు కూడా తెలిసే ఉంటుంది. ఆ మాట ఈసారి పోలింగు కేంద్రంలో కాక గ్రామసభలో, గడువుకు ముందే వినిపించవలెను.